నేను నోరు మెదపని పీరియడ్

కొత్తగా టీచరు ఉద్యోగంలో చేరుతున్నవాళ్లు అప్పుడప్పుడు నన్ను సలహా అడుగుతుంటారు. నా దగ్గరున్న మంచి సలహా ఒకటే. అది నాది కాదు, పక్కగది మాష్టారిది. పైగా నేను దాన్ని పాటించలేదు. పాటించకపోవడం వల్ల ఏమైందో చెప్తాను, ఆపైన మీ ఇష్టం. నవ్వొస్తే నవ్వుకోండి. మా ఆయన ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

అమెరికాలో ఆష్‌బర్న్ అనే ఊళ్లో ఒక మిడిల్ స్కూల్లో ఎనిమిదో తరగతి పిల్లలకి ప్రపంచ చరిత్ర చెప్పేదాన్ని. ఆ ఉద్యోగంలో చేరేనాటికి నాకు యాభై దాటాయి. అంతకుముందు పద్దెనిమిదేళ్లు, ఉద్యోగం చేసే హక్కు లేని డిపెండెంట్ వీసా మీద ఇంట్లో కూర్చున్నాను. ఏ ఫారం నింపినా ‘వృత్తి’ అన్న గడిలో ‘ఏమీ లేదు’ అని రాసేదాన్ని. వంట, పిల్లలు, తలా ఒక వంటకం పట్టుకెళ్లే పాట్‌లక్‌లు వారానికి నాలుగు, ఇవన్నీ ఆ ‘ఏమీ లేదు’ కిందకే వచ్చేవి. పనిచేసే వీలు వచ్చాక కోర్సులు చేసి, మా పిల్లల వయసు వాళ్ల పక్కన కూర్చుని పరీక్షలు రాసి ఉద్యోగం తెచ్చుకున్నాను. మెడలో స్కూలు బ్యాడ్జి పడ్డ రోజు కారులో కూర్చుని ఏడ్చాను. అది పోతే మళ్లీ ఆ గడిలో ఏం రాయాలో నాకు తెలుసు.

చేరిన రెండు నెలలకే అది పోయేలా కనిపించింది.

మొదటి ఏడాది టీచర్లని రెండుసార్లు పరీక్షిస్తారు. అసిస్టెంట్ ప్రిన్సిపాల్ వచ్చి వెనక కూర్చుని పాఠమంతా విని, రిపోర్టు రాస్తుంది. మా అసిస్టెంట్ ప్రిన్సిపాల్ పొడుగాటి మనిషి, చచ్చినా నవ్వనని ఎవరికో మాటిచ్చినట్టు ఉండేది. ఆమె రాసింది ఇదీ: ‘నలభై అయిదు నిమిషాల్లో టీచరు నలభై ఒక్క నిమిషాలు మాట్లాడారు. విద్యార్థులు మాట్లాడినవి నాలుగు నిమిషాలు. అందులో రెండు, బాత్‌రూమ్‌కి వెళ్తామని అడగడానికి.’ వసంతకాలంలో మళ్లీ వస్తానని, అప్పుడూ ఇదే పరిస్థితి ఉంటే వచ్చే ఏడాదికి కాంట్రాక్టు ఇవ్వలేమని కూడా మర్యాదగా రాసింది.

నాకు ఒళ్లు మండిపోయింది. నేను చదువుకున్న కాలేజీలో గంటసేపూ లెక్చరరే మాట్లాడకపోతే ఇవాళ పాఠమే చెప్పలేదనేవాళ్లం. నలభై ఒక్క నిమిషాలు గుక్క తిప్పుకోకుండా చెప్పినందుకు దండ వెయ్యాల్సింది పోయి! ఇంటికొచ్చి మా ఆయనకి చెప్తే, “నలభై ఒకటేనా? మిగతా నాలుగూ ఎలా వదిలేశావ్?” అన్నారు.

వసంతం వచ్చేసరికి ప్రాచీన చైనా పాఠం వచ్చింది. ఈసారి పిల్లల చేతే మాట్లాడించాలని పెద్ద పథకం వేశాను.

ఆ రోజుల్లో చైనా ముక్కలు చెక్కలై ఉండేది. పాత రాజవంశం పేరుకే మిగిలింది. చిన్నా పెద్దా రాజ్యాలు తరాల తరబడి కొట్టుకు చచ్చాయి. ఈ గోల ఎలా ఆగుతుందన్న ప్రశ్నలోంచే అక్కడి తత్త్వాలన్నీ పుట్టాయి. తలా ఒక జవాబు చంకన పెట్టుకుని పండితులు రాజ్యం నుంచి రాజ్యానికి తిరిగేవాళ్లు, ఎవరైనా రాజు కొలువులో పెట్టుకుంటాడేమోనని. “బెంచ్ మీదున్న కన్సల్టెంట్లన్నమాట,” అన్నాను. ఇరవై నాలుగు మందిలో పదకొండు మంది తెలుగు పిల్లలు. పదకొండు తలకాయలూ ఒక్కసారి లేచాయి. బెంచ్ అంటే ప్రాజెక్టు దొరక్క ఖాళీగా ఎదురుచూడటమని మిగతా పదమూడు మందికీ వాళ్లే వివరించారు, వాళ్ల నాన్నల ఉదాహరణలతో సహా.

కన్ఫ్యూషియన్ గురువు, ఎవరి స్థానం వాళ్లెరిగి పెద్దలని గౌరవిస్తే లోకం దానంతటదే కుదుటపడుతుందన్నాడు. ఆయన్ని ఏ రాజూ ఎక్కువకాలం ఉంచుకోలేదు. మోయిస్టుల పెద్ద చేతిపనివాడట. మనవాళ్లు, పరాయివాళ్లు అని తేడా చూడకుండా అందరినీ సమానంగా ప్రేమించమన్నాడు, బలహీనుల కోటలకి కాపలా కాశాడు. తావో మార్గం వాళ్లు, దేన్నీ బలవంతంగా లాగొద్దు, నీళ్లలా పారనివ్వమన్నారు. ఆ మార్గం చెప్పిన ముసలాయన విసిగిపోయి ఎద్దునెక్కి దేశం విడిచి పోతుంటే, సరిహద్దు ఆఫీసరు ఆపి, నీకు తెలిసిందంతా రాసిస్తే గానీ వదలనన్నాడని కథ. ఇమిగ్రేషన్ లైనులో పేపర్లు నింపిన పిల్లలకి అది ఇట్టే అర్థమైంది.

నాలుగోవాళ్లు లీగలిస్టులు. మంచితనాన్ని నమ్ముకుంటే లాభం లేదు, చట్టం రాసి గోడకి కొట్టండి, తప్పు చేస్తే రాజు బంధువుకైనా శిక్ష పడాలన్నారు. అలా కఠినమైన చట్టాలు రాసిన ఒక మంత్రి, రాజు మారాక ప్రాణభయంతో పారిపోతూ సత్రంలో గది అడిగాడట. గుర్తింపు కాగితం లేనివాడికి గది ఇవ్వకూడదని చట్టముందండీ అన్నాడట సత్రం యజమాని. ఆ చట్టం రాసింది ఈయనే. ఈ కథ నేను చాలా హుషారుగా, చేతులు తిప్పుతూ చెప్పాను. అప్పుడే నా నోరు పడిపోయినా బాగుండేది.

స్టీలు డబ్బాలో చీటీలు వేసి పిల్లల్ని నాలుగు గుంపులు చేశాను. రెండు వారాలు ఎవరి తత్త్వం ప్రకారం వాళ్లు బతకాలి, స్కూల్లోనూ ఇంట్లోనూ. ఆఖరి శుక్రవారం రాజు కొలువు, ప్రతి గుంపూ తన తత్త్వాన్ని రాజు ముందు నిరూపించుకోవాలి. అసిస్టెంట్ ప్రిన్సిపాల్‌ని కాగితం కిరీటం పెట్టుకుని రాజుగా కూర్చుంటారా అని అడిగితే ‘సరే’ అని ఒక్క ముక్క మెయిలొచ్చింది. అదే నా రెండో పరీక్ష కూడా. ఈ పథకం పక్కగది మాష్టారికి చెప్పాను. ఇరవై ఎనిమిదేళ్లుగా అక్కడే అమెరికా చరిత్ర చెబుతున్న పెద్దాయన, ఫ్లాస్కులో కాఫీ, తక్కువ మాటలు. అంతా విని, “మార్కులున్నాయా?” అన్నాడు. ఉన్నాయన్నాను. “ఇంట్లో అమ్మానాన్నలు చేసిపెట్టగలిగిన దేనికీ మార్కులు వెయ్యకు,” అన్నాడు. ఏమీ చేయకుండా కూర్చోవడాన్ని అమ్మానాన్నలు ఎలా చేసిపెడతారు చెప్పండి? నవ్వేసి వచ్చేశాను.

మూడో రోజు సాయంత్రం ఫోను. తావో గుంపులో ఉన్న ఒకమ్మాయి తండ్రి, డేటా సెంటర్‌లో ఆపరేషన్స్ చూస్తాడు.

“మేడమ్ నమస్తే అండి. ఒక చిన్న డౌట్. మా పాపకి డూయింగ్ నథింగ్ పడింది కదండి?”

“బలవంతంగా ఏదీ చేయకపోవడం అండి. సాయంత్రం ఓ అరగంట.”

“అదేనండి. దాంట్లో ఏ ప్లస్ రావాలంటే అరగంట సరిపోద్దాండి? ఎక్స్‌ట్రా ప్రాక్టీస్ ఏమన్నా చేయించమంటారా?”

అక్కడ నవ్వేసి ఫోను పెట్టేయాల్సింది. కానీ నేనూ మార్కుల దేశంలో పెరిగిన దాన్నే కదా. ఆయన రూబ్రిక్ అడిగాడు, అంటే దేనికెన్ని మార్కులో చెప్పే పట్టిక. ఆ రాత్రికే తయారుచేసి అందరికీ పంపాను. ఏమీ చేయకపోవడం: అసంపూర్ణం, ఫర్వాలేదు, బాగుంది, అద్భుతం. నా చేతులతో నేనే టైపు చేశాను. నా బుద్ధికి ఏం చెప్పమంటారు!

మర్నాటికి ఆరుగురు తావో పిల్లల తల్లిదండ్రులూ వాట్సాప్ గ్రూపు పెట్టేశారు. ఎవరు ఎన్ని నిమిషాలు ఏమీ చేయలేదో ఎక్కించడానికి షేర్డ్ స్ప్రెడ్‌షీటు, అది ఫోను చేసిన నాన్నగారి తయారీ. శనివారం లెక్కల కోచింగ్ జరిగే బేస్‌మెంట్‌లో, లెక్కలయ్యాక నలభై నిమిషాలు ‘నాన్ యాక్షన్ మాక్ టెస్ట్’. ఒకావిడ మెయిల్ పెట్టింది: మా వాడు మధ్యలో నిద్రపోయాడు, అది ఏమీ చేయకపోవడం కిందకి వస్తుందా, లేక నిద్రపోవడం చేసినట్టా?

కన్ఫ్యూషియన్ల ఇళ్లలో మాత్రం పండగ. “మేడమ్, పొద్దున్నే కాఫీ తెచ్చిచ్చి, నేను కూర్చున్నాకే కూర్చుంటున్నాడండీ. ఈ గుంపుని ఏడాదంతా ఉంచెయ్యండి,” అన్నాడొకాయన. మోయిస్టు పిల్లాడి తల్లి ఇండియన్ స్టోర్‌లో దోసకాయల దగ్గర నన్ను పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది. “నాకూ పక్కింటావిడకీ తేడా లేదంటున్నాడు మేడమ్. మదర్స్ డేకి కార్డు చేస్తే ఇద్దరికీ చేస్తాడట. అప్పటికి చాప్టర్ అయిపోతుందా అండి?” అయిపోతుందని దోసకాయ సాక్షిగా మాటిచ్చాను.

ఇంతమందిలో చెప్పినపని చెప్పినట్టు చేసింది లీగలిస్టులే. వాళ్ల నాయకురాలు మా వీధమ్మాయే. పదమూడేళ్లు, కళ్లజోడు, గీత గీసినట్టు నడుస్తుంది. స్కూల్లో నన్ను మిసెస్ అని, వీధిలో ఆంటీ అని పిలిచేది. తావో గుంపులో ఉన్న ఆ స్ప్రెడ్‌షీటు నాన్నగారి కూతురూ, ఈ పిల్లా ప్రాణస్నేహితులు. కిండర్‌గార్టెన్ నుంచీ ఒకే కారులో స్కూలుకి వచ్చేవాళ్లు.

లీగలిస్టులు పన్నెండు చట్టాలు రాసి గోడకి అంటించారు. గంట మోగాక మాట్లాడితే మొదటిసారి పసుపు చీటీ, రెండోసారి ఎర్ర చీటీ. మూడోసారికి మెడలో అట్టముక్క వేసుకుని మూల కుర్చీలో ఒక పూర్తి పీరియడ్ మౌనంగా కూర్చోవాలి. కనుబొమ్మలతో సైగలు చేసినా చెల్లదు. చోటు వదిలి తిరిగినా, ఫోను మోగినా చీటీయే. ఇది టీచరుకి కూడానా అని ఎవరో అడిగారు. “నాకు కూడా! రాజుకి మినహాయింపు ఉంటే అది చట్టమే కాదు,” అని సంతకం పెట్టాను. పెట్టి ఊరుకున్నానా, పక్కన నిలబడి ఫొటో కూడా దిగాను.

నాకో జబ్బుంది. గంట మోగాక, “ఒక్క నిమిషం, ఒక్క నిమిషం,” అంటాను. మన ఒక్క నిమిషం సంగతి మీకు తెలియందేముంది, గుమ్మం దగ్గర చెప్పులేసుకుని అరగంట మాట్లాడే జాతి. మొదటివారంలోనే పసుపు చీటీ పడింది. ముచ్చటేసి ఫ్రిజ్‌కి అంటించాను. రెండోవారం సోమవారం ఎర్రది. బుధవారం గంట మోగింది, నేను “ఒక్క నిమిషం” అన్నాను. నాయకురాలు లేచి తీర్పు చదివింది. శిక్ష రేపు, గురువారం పీరియడంతా. నేను నవ్వుతూ తలవంచాను. పిల్లలు చప్పట్లు కొట్టారు.

సాయంత్రం అసిస్టెంట్ ప్రిన్సిపాల్ నుంచి మెయిల్ వచ్చింది: ‘శుక్రవారం నాకు కుదరదు. రాజు కొలువు రేపే పెట్టుకుందాం.’

వాయిదా వెయ్యమని రాశాను. రిపోర్టుల గడువు ఈ వారంతో సరి, కుదరదని జవాబు. పరిగెత్తుకుని పక్కగదికి వెళ్లాను. మాష్టారు ఫ్లాస్కు మూత బిగిస్తూ, “ఆట అయిపోయిందని చెప్పు. పిల్లలు అర్థం చేసుకుంటారు. నీ ఉద్యోగం,” అన్నాడు. మా ఆయన ఆ పూట నవ్వలేదు. అప్పుడు నిజంగా భయమేసింది.

గురువారం పొద్దున్న క్లాసుకి ముందు ఆ పిల్లని నా బల్ల దగ్గరికి పిలిచాను. “చూడమ్మా, ఇవాళ వస్తున్నది నా ఎగ్జామ్. శిక్ష రేపటికి మారుద్దామా? రేపు రెండు పీరియడ్లు కూర్చుంటాను.”

ఆ పిల్ల చాలాసేపు చట్టాల కాగితం వైపు చూసింది. “ఆంటీ, మీరే చెప్పారు కదా, కింగ్‌కి ఎక్సెప్షన్ ఉంటే అది లా కాదు అని.”

“చెప్పాననుకో...”

“నేను నా బెస్ట్ ఫ్రెండ్‌కి పనిష్మెంట్ ఇచ్చాను ఆంటీ. తన బర్త్‌డే రోజు. బోర్డ్ మెడలో వేసి కూర్చోబెట్టాను. అప్పటి నుంచి నాతో మాట్లాడటం లేదు. కార్‌లో కూడా విండో వైపు చూస్తది.” కళ్లజోడు పైకి తోసుకుంది. “మీకు ఇవ్వకపోతే... దెన్ ఐ వాజ్ జస్ట్ మీన్ టు హర్. అంతే కదా?”

ఈ పిల్లకి నేను చరిత్ర పాఠం చెప్పాననుకున్నాను. అది నిజమని నమ్మి, ఉన్న ఒక్క నేస్తాన్నీ పోగొట్టుకుని కూర్చుంది. పద్దెనిమిదేళ్ల ‘ఏమీ లేదు’ కళ్లముందు కదిలింది. ఆ ఉద్యోగం నాకెంత ముఖ్యమో ఆ క్షణంలో తెలిసినంతగా ఎప్పుడూ తెలియలేదు. అయినా వంగి మెడ చాపాను. అట్టముక్క వేసింది. దాని మీద రాసి ఉంది: ‘మౌనం. మూడో నేరం. గంట తర్వాత మాట్లాడుట.’

అసిస్టెంట్ ప్రిన్సిపాల్ లోపలికొచ్చి, మూల కుర్చీలో నన్ను చూసి, వంగి అట్టముక్క చదివింది. నన్ను ఏమిటని అడిగింది. నేను నేల చూపులు చూశాను. నాయకురాలు వచ్చి మూడో చట్టం వివరించి, కిరీటం చేతికిచ్చి సింహాసనం చూపించింది. ఆమె కూర్చుంది, లాప్‌టాప్ తెరిచింది, టకటకా మొదలైంది. నా గుండె కూడా.

రెండు నిమిషాలు ఎవరూ కదల్లేదు. ఇరవై నాలుగు మందీ నా వైపే చూస్తున్నారు. కనుబొమ్మలు కదలకుండా పట్టుకోవడం ఎంత కష్టమో ఒకసారి ప్రయత్నించి చూడండి.

అప్పుడు కన్ఫ్యూషియన్లు లేచారు. రాజుకి నమస్కారాలు, వయసు వరసలో పెద్దవాళ్లు ముందు. ఇద్దరివి ఒకే పుట్టినరోజు. ఎవరు పెద్దో తేలేదాకా మిగతా నలుగురూ వంగినవాళ్లు లేవలేదు. చోటు మారినందుకు లీగలిస్టులు వాళ్లకి పసుపు చీటీలు పంచారు. బలవంతుల దాడి జరుగుతోందని మోయిస్టులు కుర్చీలు లాక్కొచ్చి కన్ఫ్యూషియన్ల చుట్టూ కోట కట్టారు. ఆ కోటలోకే లీగలిస్టులని కూడా ప్రేమగా ఆహ్వానించారు. తావోవాళ్లు ఆరుగురూ అన్నీ చూస్తూ రూబ్రిక్ ప్రకారం అద్భుతంగా కూర్చున్నారు. వందసార్లు నోరు తెరవబోయాను. నాలుక కొరుక్కున్నాను, అక్షరాలా.

ఇంతలో ఫోను మోగింది. రాజుగారిది.

నాయకురాలు పసుపు చీటీల కట్ట పట్టుకుని లేచింది. రెండడుగులు వేసి ఆగింది. నా వైపు చూసింది, నా మెడలో అట్టముక్క వైపు చూసింది. వద్దమ్మా, వద్దు, నా కొంప ముంచకు అని లోపల కేకలు పెడుతున్నాను. పైకి బొమ్మలా కూర్చున్నాను. ఆ పిల్ల వెళ్లి చీటీ రాసి, చింపి, రాజు ముందు పెట్టింది. “ఫిఫ్త్ లా. సారీ, యువర్ మెజెస్టీ. సైన్ హియర్ ప్లీజ్.”

అసిస్టెంట్ ప్రిన్సిపాల్ చీటీ చూసింది. నన్ను చూసింది. కిరీటం సర్దుకుని సంతకం పెట్టింది.

ఆఖర్న తావోవాళ్ల వంతు. నాయకురాలి స్నేహితురాలు లేచి ప్రొజెక్టర్ పెట్టింది. ముప్పై రెండు స్లైడ్లు, నాన్నగారు చేసినవి. మొదటిది: ‘ఏమీ చేయకపోవడం: సమగ్ర అమలు ప్రణాళిక’. ఆ పిల్ల దాన్ని కాసేపు చూసింది. ప్రొజెక్టర్ ఆపేసింది. తన చోటికి పోకుండా నడుచుకుంటూ వెళ్లి లీగలిస్టుల బల్ల దగ్గర, నాయకురాలి పక్క కుర్చీలో కూర్చుంది. చోటు వదిలి తిరిగితే చీటీ. నాయకురాలు చీటీ రాసి ముందు పెట్టింది. కళ్లజోడు కింద నుంచి నీళ్లు కారుతున్నాయి.

వారం రోజుల తర్వాత స్నేహితురాలు నోరు విప్పింది. “యూ గేవ్ ఇట్ టు ఆంటీ ఆల్సో? కింగ్‌కి కూడా?”

“యా.”

“ఓకే దెన్,” అని చీటీ మడిచి జేబులో పెట్టుకుని, అక్కడే కూర్చుంది.

నాకు గట్టిగా ఏడవాలనిపించింది. ఏడుపు గురించి చట్టంలో ఏముందో గుర్తులేక ఊరుకున్నాను.

గంట మోగింది. నాయకురాలు వచ్చి అట్టముక్క తీసి, ‘శిక్ష పూర్తయింది’ అని కాగితం ఇచ్చింది. అసిస్టెంట్ ప్రిన్సిపాల్ లాప్‌టాప్ మూసి, కిరీటం బల్ల మీద పెట్టి, ఒక్క మాట మాట్లాడకుండా వెళ్లిపోయింది. ఉద్యోగం పోయిందనుకున్నాను. సామాన్లు సర్దడానికి అట్టపెట్టె కూడా తెచ్చుకున్నాను. సోమవారం రిపోర్టు వచ్చింది: ‘టీచరు మాట్లాడినవి సున్నా నిమిషాలు. విద్యార్థులు మాట్లాడినవి నలభై మూడు. ఒక సందర్శకురాలికి శిక్ష పడింది. న్యాయమైనదే.’ కింద కాంట్రాక్టు.

ఆ సాయంత్రం మళ్లీ ఫోను. “మేడమ్, పాప ప్రెజెంటేషన్ ఎలా చేసిందండి? కనీసం టెన్త్ స్లైడ్ దాకా అయినా...”

“ఏమీ చేయలేదండి.”

అవతల నుంచి నెమ్మదిగా: “మేడమ్, అంటే... ఏ ప్లస్సేనా అండి?”

“మీ అమ్మాయికి ఏ ప్లస్ అండి. మీకు అసంపూర్ణం.”

పదేళ్ల తర్వాత, క్రితం జూన్‌లో రిటైరయ్యాను. స్కూలు లైబ్రరీలో చిన్న వీడ్కోలు పెట్టి మూడు నిమిషాలు మాట్లాడమన్నారు. పక్కగది మాష్టారు ఎప్పుడో రిటైరయినా ఫ్లాస్కుతో వచ్చాడు. అసిస్టెంట్ ప్రిన్సిపాల్ అప్పటికి ప్రిన్సిపాలయింది, వెనక వరసలో కూర్చుంది. ఇవన్నీ తలుచుకుంటూ మాట్లాడుతున్నాను. గంట మోగింది. “ఒక్క నిమిషం,” అన్నాను.

వెనక వరసలోంచి ఒక చెయ్యి లేచింది. ఆ చేతిలో అంచులు నలిగి వెలిసిపోయిన పసుపు చీటీ ఉంది. పదమూడేళ్ల పిల్ల రాత, కింద ప్రిన్సిపాల్ సంతకం. ఇన్నేళ్లూ దాచుకుందన్నమాట. ఆవిడ నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

నేను కూర్చున్నాను.